మాట లేని తీగ: కొడాయ్ చెల్లో సొనాటా

మన విమర్శలో ఒక అలవాటు ఉన్నది. పాట గురించి రాయమంటే పాటలోని మాట గురించి రాస్తాము. వస్తువు ఏమిటి, కవి ఏ పక్షాన నిలిచాడు, పదం ప్రజలకు అందుతున్నదా లేదా - ఇంతవరకు వచ్చి ఆగిపోతాము. ఆ మాటను మోస్తున్న బాణీ ఎక్కడిది, ఏ వర్గం నోట పుట్టింది, చేతులు మారినప్పుడు దానికి ఏమి జరిగింది అన్న ప్రశ్న మనకు తోచదు. తోచినా, అది సంగీత విద్వాంసుల పని అని పక్కకు నెడతాము. తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకునే నేనూ ఇందుకు మినహాయింపు కాదు. అందుచేత మాట అన్నది బొత్తిగా లేని ఒక రచనను ఎదురుగా పెట్టుకుని, మన కొలబద్దలు ఎంతవరకు పనిచేస్తాయో చూద్దామనిపించింది.

ఆ రచన హంగెరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882-1967) 1915లో ఒక్క చెల్లో కోసం రాసిన సొనాటా. చెల్లో అంటే ఫిడేలుకు పెద్దన్న వంటిది; కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టి, కమానుతో వాయిస్తారు. దాని గొంతు మగవాడి గొంతుకు దగ్గర. మంద్రంలో ఇంకా కిందికి పోతుంది. ఈ సొనాటాలో పక్కన పియానో లేదు, వాద్యబృందం లేదు, తాళం వేసేవాడు లేడు, శ్రుతి పట్టేవాడు లేడు. ఒక మనిషి, నాలుగు తీగలు, ఒక కమాను. అంతే సరంజామాతో అరగంటపాటు వినేవాడిని కదలనివ్వకుండా కూర్చోబెట్టాలి.

యూరపులో ఇది మామూలు సంగతి కాదు. 1720 ప్రాంతంలో బాఖ్ ఒంటరి చెల్లో కోసం ఆరు సూట్లు రాశాడు. తరువాతి కాలంలో వాటిని కూడా చాలామంది చేయి తిరగడానికి పనికివచ్చే అభ్యాసపాఠాలుగానే చూశారు. స్పెయినులో పాబ్లో కాసల్స్ - తరువాత ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించడానికి నిరాకరించి ప్రవాసంలోనే బతికిన ఆ కాసల్స్ - వాటిని కచేరీ వేదిక మీదికి తెచ్చి నిలబెట్టాడు. బాఖ్ తరువాత దాదాపు రెండు వందల సంవత్సరాలపాటు పెద్ద స్వరకర్తలెవరూ ఒంటరి చెల్లోను పట్టించుకోలేదనే చెప్పాలి. కొడాయ్ ఈ సొనాటా రాస్తున్న రోజులలోనే జర్మనీలో మాక్స్ రేగర్ మూడు సూట్లు రాశాడు. రేగర్ చూపు వెనక్కి, బాఖ్ వైపు. కొడాయ్ చూపు వేరే దిక్కున ఉన్నది.

ఆ దిక్కు పల్లెటూరు. కొడాయ్ తండ్రి రైల్వే స్టేషన్ మాస్టరు. బాల్యం గలాంటా అన్న చిన్న ఊళ్ళో గడిచింది. 1905లో ఆయన ఆ పరిసర గ్రామాలు తిరిగి రైతుల పాటలు సేకరించడం మొదలుపెట్టాడు. 1906లో హంగెరీ జానపద గీతాల చరణ నిర్మాణం మీద పరిశోధన వ్యాసం సమర్పించాడు. ఆ ఏడే బేలా బార్తోక్‌తో కలిసి ఇరవై పాటల చిన్న సంపుటి ప్రకటించాడు. మైనపు గొట్టాల మీద గొంతులు పట్టే ఫోనోగ్రాఫు యంత్రాన్ని మోసుకుంటూ వాళ్ళిద్దరూ ఊరూరా తిరిగారు. రైతు పాడిన పాటను మాటతోపాటు స్వరంతో, స్వరంతోపాటు గొంతు జారిన తీరుతో సహా రాసుకున్నారు.

వాళ్ళు ఏమి కనుగొన్నారన్నది మనకు ముఖ్యం. అప్పటికి నగరాలలో "హంగెరీ సంగీతం" అని పేరుపడినది ఒకటి ఉండేది. చిన్న జమీందారీ కుటుంబాల వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో సరదాగా కట్టుకున్న పాటలు అవి. కాఫీ హోటళ్ళలో రోమా వాద్యగాళ్ళు వాటిని కమ్మగా, కన్నీరు కారేటట్టు వాయించేవారు. ఫ్రాంజ్ లిస్ట్ అంతటివాడు కూడా 1859లో అచ్చువేసిన పుస్తకంలో ఆ సంగీతం రోమా జనులే సృష్టించినదని పొరబడ్డాడు. దోషం ఆ వాద్యగాళ్ళది కాదు. డబ్బిచ్చే దొర ఏది అడిగితే అది వాయించక తప్పని బతుకు వాళ్ళది. కాని దొరల పాట దేశపు పాటగా చలామణి అయినది. దాని కింద, ఎవరూ లెక్కలోకి తీసుకోని రైతు గొంతులో, అంతకన్నా పాతదైన మరొక సంగీతం ఉన్నది. అయిదు స్వరాలది, పైనుంచి కిందికి దిగుతూ వచ్చేది, మాట నడకను పట్టుకుని సాగేది. దేశం పేరున నడుస్తున్నది ఒక వర్గపు సంగీతమేనని ఈ ఇద్దరూ స్వరాల సాక్ష్యంతో రుజువు చేశారు. కరపత్రం రాయకుండానే చేసిన వర్గ విశ్లేషణ ఇది అని నేను అంటే అతిశయోక్తి అనకండి.

ఇప్పుడు సొనాటాలోకి వద్దాం. ఇందులో కొడాయ్ ఏ జానపద గీతాన్నీ ఎత్తి పెట్టలేదు. చేసిన పని అంతకన్నా లోతైనది: వాద్యం శ్రుతినే మార్చాడు. చెల్లో నాలుగు తీగలలో కింది రెండింటిని అర స్వరం చొప్పున దించమన్నాడు. మన పరిభాషలో చెప్పుకుందాం. దించిన అడుగు తీగను షడ్జమం అనుకుంటే రెండోది పంచమం అవుతుంది. పై రెండూ ఎప్పటిలాగే ఉంటాయి. వాటిలో ఒకటి సాధారణ గాంధారం, ఒకటి కైశికి నిషాదం. హంగెరీ రైతు పాత పాటల అయిదు స్వరాల మేళవింపు మన శుద్ధధన్యాసికి సరిగ్గా సరిపోతుంది: స గ మ ప ని. అంటే ఏ వేలూ మోపకముందే, ఖాళీ తీగలను మీటితేనే, ఆ పల్లె పాటలోని అయిదింట నాలుగు స్వరాలు మోగుతాయి. ఈ సంగతి లెక్కవేసి చూసుకున్ననాడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. రైతు పాటను తెచ్చి పట్నపు వాద్యం మీద పరచలేదు. పట్నపు వాద్యాన్నే రైతు శ్రుతికి దించాడు.

మనవాళ్ళు ఫిడేలుకు చేసినదీ ఇటువంటిదే. బాలుస్వామి దీక్షితులు (1786-1859) కాలంనుంచి ఆ వాద్యం మన సంగీతంలోకి వచ్చింది. తీగలను షడ్జమ పంచమాలకు సర్దాము, నిలబడి వాయించేదాన్ని నేల మీద కూర్చుని పాదానికి ఆనించాము. కొడాయ్ సొనాటా వింటున్నప్పుడు మన చెవికి పరాయితనం తక్కువగా తోచడానికి కారణం బహుశా ఇదే. అడుగు తీగ నిరంతరం ఆధార శ్రుతిలా పలుకుతూ ఉంటుంది.

రచనలో మూడు భాగాలున్నాయి. మొదటిదానికి గంభీరంగా, కాని ఆవేశంతో అని సూచన. బరువైన తంతులను ఒక్కసారిగా కమానుతో ఒరుసుకుంటూ మొదలవుతుంది. సభలో లేచి నిలబడి మాట్లాడబోయేవాడు ముందు గొంతు సవరించుకుని చుట్టూ చూసినట్టు. తరువాత సాగేదంతా పాట అనడంకన్నా ప్రసంగం అనాలి. లయ కట్టు తప్పుతుంది, మాట నడకను పట్టుకుంటుంది, మళ్ళీ కట్టులోకి వస్తుంది. రెండో భాగం విలంబం. కమాను కింద స్థాయిలో ఒక పొడవైన శోకాన్ని లాగుతుంటే, తీగలను నొక్కే ఎడమచేతి వేళ్ళే మధ్యమధ్య తీగను మీటుతూ ఉంటాయి. ఒకే మనిషి పాడేవాడూ తానే, పక్కన కూర్చుని ఊ కొట్టేవాడూ తానే. నడుమ ఒక ఉద్రేకం వచ్చిపోతుంది. మళ్ళీ ఆ శోకమే. రచన మొత్తానికి గుండె ఇదే అని నా అభిప్రాయం. ఇక్కడ ప్రదర్శన లేదు. ఎంత చెప్పాలో అంతే చెప్పి, చెప్పలేనిచోట ఆగుతుంది.

మూడోది నాట్యం. వేగం. మన యక్షగానంలో శ్రుతికి పట్టే తిత్తి వంటి వాద్యమే హంగెరీ పల్లెలలోనూ ఉన్నది. దాని మొండి శ్రుతి, దాని మీద గంతులేసే పాట ఇందులో వినిపిస్తాయి. కర్రలతో కొట్టి వాయించే వందతీగల పెట్టె వంటి వాద్యం ధ్వని కూడా వినిపిస్తుంది. నాలుగు తీగలమీద ఊరి బృందం మొత్తం దిగినట్టు ఉంటుంది. అయితే ఈ భాగం మీద నాకు ఫిర్యాదు ఉన్నది. నిడివి ఎక్కువ. ఒక విన్యాసం తరువాత ఇంకొకటి, అది చాలక మరొకటి; నడుమ ఒకచోట ఊరు మాయమై వాయించేవాడి చేయి ఒక్కటే కనిపిస్తుంది. చప్పట్లు కొట్టబుద్ధి పుట్టే ఆ క్షణంలోనే రచన కొంత నష్టపోతున్నదని అనిపిస్తుంది.

ఇక్కడ మన మిత్రులు లేచి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. "ఏ రైతు పాటనుంచి ఇది వచ్చిందో ఆ రైతు దీన్ని వాయించగలడా? వినగలడా? కాకపోతే ఇది ఎవరి కోసం?" ప్రశ్న న్యాయమైనదే. 1948 ఫిబ్రవరిలో సోవియట్ పార్టీ తీర్మానం ఈ ప్రశ్ననే అడిగింది; షోస్తకోవిచ్‌ను, ప్రోకోఫియెవ్‌ను రూపవాదులని నిందించింది. పదేళ్ళ తరువాత, 1958లో, ఆ నిందలో చాలాభాగం అన్యాయమని ఆ పార్టీయే ఒప్పుకున్నది. అప్పటికి ప్రోకోఫియెవ్ చనిపోయి అయిదేళ్ళు. ఒంటరి చెల్లో కోసం ఆయన మొదలుపెట్టిన సొనాటా అసంపూర్తిగా మిగిలిపోయింది. ప్రశ్న న్యాయమైనదయినా దాన్ని అడిగినవాళ్ళకు జవాబు వినే ఓపిక లేకపోవడం చరిత్ర.

నాకు తోచిన జవాబు ఇది. అర్థమగుట అన్నదాన్ని మనం మాటకు కొలతగా తయారుచేసుకున్నాము. మాట అర్థమయితే అయినట్టు, లేకపోతే లేనట్టు. కాని ఊరి జాతరలో డప్పు మోగితే దాని అర్థమేమిటని ఎవరూ అడగరు. చావుకు వాయించే దెబ్బ వేరు, పెళ్ళికి వాయించే దెబ్బ వేరు అన్నది మాట అవసరం లేకుండానే పిల్లవాడికి కూడా తెలుసు. సంగీతంలో పక్షం ఉండేది దెబ్బలో, శ్రుతిలో, నడకలో. కొడాయ్ శ్రుతి దించిన క్షణంలోనే పక్షం తీసుకున్నాడు. వాయించడం కష్టమన్నది నిజమే. అది కౌశలానికి సంబంధించిన కష్టం. ఇంజినీరు కట్టిన ఆనకట్టను రైతు కట్టలేడు కనుక అది రైతుది కాదనము గదా. నీళ్ళు ఎవరి పొలానికి పారుతున్నాయన్నదే చూస్తాము.

నీళ్ళు ఎటు పారాయో 1919 చెప్పింది. సొనాటాను 1918 మే 7న బుడాపెస్టులో యెనో కెర్పెలి తొలిసారి వాయించాడు. మరుసటి సంవత్సరం మార్చిలో హంగెరీలో సోవియట్ రిపబ్లిక్ ఏర్పడింది. మన విమర్శకులకు బాగా తెలిసిన గ్యోర్గీ లూకాచ్ అందులో విద్యా సాంస్కృతిక శాఖను నడిపిన కమిసారు. సంగీత వ్యవహారాల మండలిలో దోహ్నానీ, బార్తోక్, కొడాయ్ ముగ్గురూ పనిచేశారు. కొడాయ్ సంగీత అకాడమీకి ఉప సంచాలకుడయ్యాడు. నాలుగు నెలలు దాటి కొన్ని రోజులకు ఆ రిపబ్లిక్ కూలిపోయింది. వచ్చిన ప్రతీకార ప్రభుత్వం కొడాయ్‌పై విచారణ జరిపించి, సుమారు రెండేళ్ళు పాఠం చెప్పనివ్వలేదు. సొనాటా అచ్చయినది 1921లో, అదీ వియన్నాలో.

అట్లాగని కొడాయ్‌ని మనవాడిగా చుట్టపెట్టుకోవడం తగదు. ఆయన కమ్యూనిస్టు కాడు, దైవభక్తుడు, జాతీయవాది. అతి పురాతనమైనది, అతి శుద్ధమైనది వెదికే ఆ చూపులో ప్రమాదం ఉన్నది. బార్తోక్ రుమేనియా రైతుల పాటలు కూడా సేకరించి ప్రకటించినందుకు 1920లో దేశద్రోహి అన్నంత పని చేశారు హంగెరీ జాతీయవాదులు. ఇరుగుపొరుగు జాతుల పాటలు కలగలిసినందువల్లనే రైతు సంగీతం సంపన్నమైనదని, శుద్ధి అన్నది పేదరికమని బార్తోక్ తరువాతి రోజులలో వాదించాడు. ఈ ఒక్క విషయంలో బార్తోక్ చూపు కొడాయ్‌కన్నా విశాలమని నేను అనుకుంటాను. "అసలుసిసలు తెలంగాణ జానపదం" అంటూ ముద్ర వేసి అమ్మే ఈ రోజులలో మనకు ఆ వాదం అవసరమే.

ఇక మన ఇంటి సంగతి.

వరంగల్లుకు ఎంతో దూరం లేని పాలకుర్తివాడు పాల్కురికి సోమనాథుడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, పర్వత పదాలు అంటూ ఆనాటి జనం పాడుకునే పాటల పేర్లు వరసపెట్టి చెప్పాడు. మేము ఏటేటా తరగతిలో ఆ జాబితా చెబుతాము, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో దించుతారు. తుమ్మెద పదం ఏ బాణీలో నడిచేదో గురువుకూ తెలియదు, శిష్యుడికీ తెలియదు. ఏడు వందల ఏళ్ళ కిందటి సంగతి గనుక సోమనాథుణ్ణి తప్పుపట్టలేము, పేర్లైనా దక్కించాడు.

దగ్గరి కాలానికి వద్దాం. మన జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు (1925-2010) ఊరూరా తిరిగి చేసిన కృషి ఫలితం 1958లో వచ్చిన తెలుగు జానపద గేయ సాహిత్యము. మనకు ఆ రంగమే లేనప్పుడు దున్ని చూపిన గ్రంథం అది. ఆ పేరులోనే సాహిత్యం అన్న మాట ఉన్నది. ఆయన సాహిత్య శాఖలో నిలబడి సాహిత్యం పని చేశాడు. పక్కన నిలబడి స్వరం రాసుకోవలసిన బార్తోక్ మనకు లేకపోయాడు. ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా మేము, తెలుగు శాఖలవాళ్ళము, రాయించిన జానపద పరిశోధనలలో పాట అంటే కాగితం మీది నాలుగు పాదాలే. చేతిలో రికార్డు చేసే ఫోను ఉండి కూడా!

మన ఉద్యమానిదీ ఇదే కథ. 1943 నుంచి ప్రజానాట్యమండలి చేసిన పని చిన్నది కాదు. నాజర్ బుర్రకథకు కొత్త ప్రాణం పోశాడు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, పల్లె బాణీలను సాయుధ పోరాటానికి అందించాడు. వాళ్ళకు బాణీ నెత్తుటిలో ఉన్నది గనుక అది వాళ్ళ చేతిలో ఆయుధమైంది. తరువాత వచ్చినవాళ్ళలో చాలామందికి బాణీ ఒక ఎడ్లబండి: మన సరుకు వేస్తే ఊళ్ళోకి చేరుస్తుంది. బండిని ఎవరు చేశారు, ఏ కర్రతో చేశారు అని చూడలేదు. అమ్మవారి పాట బాణీలో కూలిరేట్ల పాట, దంపుళ్ళ పాట బాణీలో ఎన్నికల పాట. ఎన్నికల పాటకు ప్రతి పార్టీ అదే బండిని కిరాయికి తీసుకున్నప్పుడు మనకు అభ్యంతరం చెప్పే నోరు లేకపోయింది.

మాటను పక్కకు పెట్టి తీగను నిలబెట్టిన వాళ్ళు మనలో లేరా? ఉన్నారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును సభ నడుమ కూర్చోబెట్టి ఒంటరి కచేరీలు చేశాడు. 1952లో యెహూదీ మెనూహిన్ ఆయన వాద్యం విని మెచ్చుకున్నాడు. కాని ద్వారంవారు ఒంటరిగా వాయించినవి ఎక్కువగా కృతులే. వినేవాడికి త్యాగయ్య మాట కంఠస్థం గనుక తీగ వెనుక అది నడుస్తూనే ఉంటుంది. మాట లేదనుకుంటాము, ఉన్నది. వీణ కోసమే పుట్టిన స్వతంత్ర రచన అంటే చిట్టిబాబు (1936-1996) "కొమ్మలో కోయిల"ను చెప్పుకోవాలి. కాకినాడలో పుట్టి, ఈమని శంకరశాస్త్రి వద్ద నేర్చుకుని, వీణను లక్షలమంది ఇళ్ళలోకి తెచ్చిన వాడాయన. ఖరహరప్రియలో సాగే ఆ రచనలో అపూర్వమైన నైపుణ్యం ఉన్నది. దాన్ని మెచ్చుకునేవాళ్ళు మాత్రం "అచ్చం కోయిల కూసినట్టే ఉంది" దగ్గర ఆగిపోతారు. అనుకరణను మించి వినడం మనకు ఎవరూ నేర్పలేదు.

వేదికలు ఎక్కని తీగలు వేరే ఉన్నాయి. ఆదిలాబాదు గోండుల వంశగాథలు చెప్పే ప్రధానుల చేతిలో కిక్రి ఉన్నది. కమానుతో వాయించేదే, చెల్లోకు దూరపు చుట్టం. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర ఉన్నది. ఆ కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు ఏడు ఒక సినిమా పాట ఆరంభంలో ఆయన గొంతు ఊరంతా మారుమోగింది. ఆయన చెప్పే కథల మీద వ్యాసాలు వచ్చాయి, మంచిదే. ఆ పన్నెండు మెట్లు ఏ స్వరాలకు బిగించి ఉన్నాయి, మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఎంత, అవి మన సప్తస్వరాలకు లొంగుతాయా లేదా అన్నది మన పత్రికల్లో ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

ఈ సొనాటా రెండో భాగాన్ని ఒకనాడు తరగతిలో వినిపించాను. జానపద సాహిత్యం పాఠం. ముందుమాట ఏమీ చెప్పలేదు, దేశం పేరు కూడా చెప్పలేదు. పదకొండు పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఈ కాలపు పిల్లలకు కష్టమే. వెనుక బెంచీలు కొంత గుసగుసలాడాయి. అయిపోయాక పరకాల వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మా నాయనమ్మ తాత పోయిన్నాడు శోకం పెట్టి ఏడ్చినట్టున్నది సార్. ఆమె కూడ గిట్లనే పైకెళ్ళి కిందికి దిగుతది, నడుమ నడుమ ఆగుతది" అన్నది. హంగెరీ పల్లెలలో ఆడవాళ్ళు శవం దగ్గర పెట్టే శోకాలను కొడాయ్ ప్రత్యేకంగా సేకరించాడన్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు. ఆ నాయనమ్మ శోకం ఎవరైనా రాసుకున్నారా అని అడిగాను. నిరుడు ఎం.ఫిల్. చేసే ఒకాయన ఊరికి వచ్చి రాసుకుపోయాడట, మాటలన్నీ రెండు పేజీలు వచ్చాయట. పాడించి రికార్డు చేసుకున్నాడా అంటే, ముసలామె దమ్ము ఆగక ఏడుస్తుంటే మాటలు సరిగ్గా వినబడడం లేదని, ఏడవకుండా నిదానంగా చెప్పమన్నాడట.